మామ్మకు ఓడ వచ్చింది, వీళ్ళకు రాలేదు

కాటేదాన్‌లో ఇప్పుడు నోట్లు కనబడటం తక్కువ. చాయ్ బండి నుంచి ట్రాలీ ఆటో దాకా అందరిదీ ఫోన్‌పేనే. నా దగ్గరికి తుక్కు తెచ్చేవాళ్ళలో ఒక్కడు మాత్రం నోట్లే అడుగుతాడు. మైలార్‌దేవ్‌పల్లి పారిశ్రామికవాడలో నాదొక చిన్న షెడ్డు. పాత ప్లాస్టిక్ కొని, గ్రైండింగ్ చేసి, దాణా, అంటే ప్లాస్టిక్ గుళికలు, తీసేవాళ్ళకు అమ్ముతాను. ఇతను బాలాపూర్ వైపు నుంచి వస్తాడు. నీళ్ళ సీసాలు ఒక సంచిలో, మూతలు ఇంకో సంచిలో, పైన చుట్టిన రేపర్లు పీకేసి, ఏ రకానికి ఆ రకం విడదీసి తెస్తాడు. కాంటా మీద పెట్టాక మళ్ళీ ఏరించే పని ఉండదు. ఇంత పనిమంతుడికి బ్యాంకు ఖాతా లేదు. ఆధార్ లేదు కాబట్టి ఖాతా లేదు. రోహింగ్యా కాబట్టి ఆధార్ లేదు.

అతని దగ్గరున్నది ఒకే ఒక్క గుర్తింపు, ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చిన కార్డు. వానకు తడవకుండా పాల ప్యాకెట్ కవర్లో చుట్టి, చొక్కా లోపలి జేబులో పెట్టుకుంటాడు. ఒకరోజు అడిగితే విప్పి చూపించి, "బస్, యహీ హై సేట్" అన్నాడు. అతని పేరు ఇక్కడ రాయను. రాస్తే అతనికి ఒరిగేదేమీ లేదు, పైగా ముప్పు.

మన టీవీల్లో బాలాపూర్ రెండు సందర్భాల్లోనే వస్తుంది. ఒకటి వినాయకుడి లడ్డూ వేలం. 1994లో 450 రూపాయలతో మొదలై 2025లో 35 లక్షలకు చేరింది. రెండోది రోహింగ్యాలు. రెండోదాని మీద గొంతు చించుకునేవాళ్ళలో ఆ బస్తీల్లోకి అడుగుపెట్టినవాళ్ళు ఎంతమందో నాకు అనుమానమే. అద్దె స్థలాల్లో తడికలు, టార్పాలిన్లతో కట్టుకున్న గుడిసెలవి. 2012లో మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రంలో రోహింగ్యాల ఇళ్ళు తగలబెట్టినప్పటి నుంచి వాళ్ళు రావడం మొదలైంది. 2017 ఆగస్టు తర్వాత మయన్మార్ సైన్యం చేసిన పనికి 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. అంత ప్రవాహంలో హైదరాబాద్ చేరినవాళ్ళు కొన్ని వేలు.

ఈ విషయంలో నాకు పక్షపాతం ఉంది, ముందే చెప్పేస్తాను. మాదీ ఆ దేశం నుంచి, అంటే అప్పటి బర్మా నుంచి, వచ్చిన కుటుంబమే.

మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి రంగం, అంటే రంగూన్, వెళ్ళాడు. అప్పట్లో మన తీరంలో ఇంటికొకరు వెళ్ళినట్టే. కోరంగి రేవు నుంచి ఓడెక్కేవారు కాబట్టి బర్మావాళ్ళు తెలుగువాళ్ళను కొరంగీలు అనేవారు. రంగూన్ రేవులో బస్తాలు మోసింది ఎక్కువగా వాళ్ళే. 1930 మే నెలలో కూలి పెంచమని సమ్మె చేస్తే, వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను పెట్టారు. సమ్మె తేలాక ఆ బర్మా కూలీలను పొమ్మన్నారు. పనికి మళ్ళీ వెళ్ళిన తెలుగువాళ్ళను వీధుల్లో వెంటపడి చంపారు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక లక్షలమంది భారతీయులు కొండలు, అడవులు దాటి కాలినడకన బయల్దేరారు. దారిలో రాలిపోయినవాళ్ళు వేలకు వేలు.

మామ్మ పుట్టింది రంగంలోనే. పెళ్ళీ అక్కడే. కిరాణా కొట్టు ఉండేది. 1964లో నే విన్ సైనిక ప్రభుత్వం కొట్లన్నీ స్వాధీనం చేసుకుంది. మే నెలలో 50, 100 క్యాట్ల నోట్లు రద్దు చేసింది. ఉన్నదంతా పోయింది. రేవులో తనిఖీ చేసినవాళ్ళు ఆమె పుస్తెలు కూడా తీయించారట. పసుపు కొమ్ము దారానికి కట్టి మెడలో వేసుకుని ఓడెక్కింది. విశాఖలో దిగాక కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపులో పెట్టారు. ఆ పేరు ఇప్పటికీ ఉంది, బస్సులో అడిగితే టిక్కెట్టు ఇస్తారు.

అక్కడిదాకా మామ్మ కథకూ, నా షెడ్డుకొచ్చే మనిషి కథకూ పెద్ద తేడా లేదు. అతను రఖైన్‌లోని మాంగ్‌డా వైపువాడు. అతని తాతా తండ్రీ అక్కడే పుట్టారు. 1982 పౌరసత్వ చట్టంతో వాళ్ళను ఆ దేశస్థులు కాదన్నారు. మీరు బెంగాలీలు, పొండి అన్నారు. మామ్మనూ అలాగే అన్నారు, మీరు ఇండియావాళ్ళు, పొండి అని. అయితే మామ్మ కోసం ఢిల్లీ ఓడ పంపింది. బర్మా కాందిశీకులన్న ధ్రువపత్రం ఇచ్చింది. ఆ కాగితంతోనే మా నాన్నకు ఉద్యోగం వచ్చింది, ఇంటికి అప్పు పుట్టింది. మాలాంటివాళ్ళ కోసం 1969లో రెప్కో అని ఒక బ్యాంకే పెట్టారు. ఇతనికోసం ఎవరూ ఓడ పంపలేదు. ఢాకా పంపదు, నేపిడా పంపదు.

ఈ మాటంటే పక్క షెడ్డు రెడ్డిగారు వెంటనే అందుకుంటారు, "మీవాళ్ళు మనవాళ్ళండీ, వీళ్ళు పరాయి దేశం వాళ్ళు" అని. చట్టప్రకారం ఆయన అన్నది నిజం. 1951 శరణార్థి ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా రోహింగ్యాలను పంపించడాన్ని ఆపలేదు, చట్టం చెప్పిన పద్ధతి పాటించమంది. జీవించే హక్కు ఎవరికైనా ఉందిగానీ, దేశంలో నివసించే హక్కు పౌరులదేనంది. సరే. పంపడానికి అవతల తీసుకునేవాడు ఉండాలి కదా. 2024 డిసెంబరు నుంచి మాంగ్‌డా అరకాన్ ఆర్మీ అనే తిరుగుబాటు దళం చేతిలో ఉంది. మయన్మార్ ప్రభుత్వం ఒప్పుకున్నా అది దింపగలిగే చోటు కాదు.

రెడ్డిగారి రెండో మాట ఇంకా గట్టిది. ఇటు శంషాబాద్ విమానాశ్రయం, అటు రక్షణ పరిశోధన సంస్థలు, మధ్యలో వీళ్ళేమిటి అని. ఆ భయాన్ని నేను తీసిపారేయను, నా షెడ్డు కూడా ఆ మధ్యలోనే ఉంది. కానీ ఎవరు ఎక్కడ ఉంటున్నారో పోలీసుకు తెలియాలంటే వాళ్ళ పేరు ఏదో ఒక రిజిస్టర్లో ఉండాలి. తరిమితే ఇంకో ఊరికి, ఇంకో పేరుతో పోతారు. దొంగ ఆధార్ తీసుకున్నారని ఈ నగరంలోనే రోహింగ్యాల మీద కేసులు పెట్టారు. తప్పు చేసినవాడిని జైల్లో పెట్టండి, కాదనను. దొంగ కాగితం అమ్మేవాడికి గిరాకీ ఎక్కడి నుంచి వస్తోందో కూడా చూడండి. అసలు కాగితం ఇవ్వనిచోట నుంచే.

కాగితం విలువ ఈ ప్రాంతం వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. విమానాశ్రయానికి దాదాపు 5,500 ఎకరాలు తీసుకున్నప్పుడు భూములు పోయినవాళ్ళు శంషాబాద్ చుట్టూ ఉన్నారు. పరిహారం చాలిందా లేదా అన్నది వేరే తగవు. ఆ తగవు పెట్టుకోవడానికి పట్టాదారు చేతిలో పాస్‌బుక్ అయినా ఉండింది.

మన ప్రభుత్వాలకు ఇలాంటివి చేయడం రాదని కాదు. టిబెటన్లకు చేశారు, శ్రీలంక తమిళులకు చేశారు. 2025లో విదేశీయుల చట్టాన్ని మార్చి, సెప్టెంబరులో మినహాయింపుల ఉత్తర్వు తెచ్చారు. టిబెటన్లు, 2015 జనవరి 9 లోపు వచ్చి నమోదైన లంక తమిళులు, మూడు పొరుగు దేశాల మైనారిటీలు అందులో ఉన్నారు. రోహింగ్యాలు లేరు. శరణార్థుల కోసం వేరే చట్టం కావాలని శశి థరూర్ ప్రైవేటు బిల్లులు పెట్టారు. అవి ముందుకు కదల్లేదు.

ఇక పిల్లల సంగతి. నా షెడ్డుకొచ్చే మనిషి పెద్దబ్బాయి ఏడో తరగతి దాకా చదివాడు. ఏడాదికోసారి ఆధార్ తెమ్మంటుంటే విసిగి మానేసి, తండ్రితోపాటు సంచులు మోస్తున్నాడు. నా గేటు లోపలికి వాడిని పనికి రానివ్వను. దానివల్ల వాడు బడికి పోతాడన్న భ్రమ నాకు లేదు. రోహింగ్యా పిల్లలు ప్రభుత్వ బడుల్లో దరఖాస్తు చేసుకోవచ్చని, కాదంటే హైకోర్టుకు వెళ్ళొచ్చని సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో చెప్పింది. రోజంతా తుక్కు ఏరుకునే మనిషి హైకోర్టుకు వెళ్తాడా? విద్యాశాఖ నుంచి బడులకు ఒక సర్క్యులర్ పోతే సరిపోయేది.

తెలంగాణ నుంచి 17 మంది, ఆంధ్రప్రదేశ్ నుంచి 25 మంది లోక్‌సభలో కూర్చుంటున్నారు. వాళ్ళ నియోజకవర్గాల్లో బర్మా నుంచి వచ్చిన కుటుంబాలు ఎన్నో. ఆ సభ్యులను పౌరసత్వం ఇప్పించమని అడగడం లేదు. ఆ మినహాయింపు ఉత్తర్వులో ఇంకో వాక్యం చేర్చి, తిరిగి పంపే వీలు కలిగేదాకా నమోదు చేసి, ఏడాదికోసారి పొడిగించే గుర్తింపు పత్రం ఇవ్వమని కేంద్రాన్ని అడగండి. వచ్చే పార్లమెంటు సమావేశాల్లో మీలో ఒక్కరైనా లేచి ఆ ప్రశ్న వేయండి.