తెరిచిన పోర్టు... పొంచిన ముప్పు

ఫైబర్ లైన్లు వచ్చాక ఇళ్లలో అప్‌లోడ్ వేగానికి కొరత తీరింది. మూలనపడ్డ కంప్యూటర్‌లో లైనక్స్ ఎక్కించి, మారని ఐపీ చిరునామా (స్టాటిక్ ఐపీ) తీసుకుని, రూటర్‌లో 80, 443 పోర్టులు తెరిస్తే, ఇంటి నుంచే వెబ్‌సైట్ నడిపేయొచ్చు. నేర్చుకునే విద్యార్థులకు అది మంచి సాధనే. హోస్టింగ్ ఖర్చు కలిసొస్తుందని ట్యూషన్ సెంటర్లు, చిన్న దుకాణాలు, అపార్ట్‌మెంట్ సంఘాలు కూడా ఇదే దారి పడితే మాత్రం ఉపేక్షించకూడదు. పిల్లల ఫోన్ నంబర్లు, ఫీజు లెక్కలు, ఆధార్ నకళ్లు ఉన్న కంప్యూటర్‌ను ఇంటి లైను మీద లోకానికి తెరిచిపెట్టడం కొరివితో తల గోక్కోవడమే.

మన చిన్న సైటు మీద ఎవరి కన్ను పడుతుందిలే అన్న ధీమా పనికిరాదు. మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లోనే జీమ్యాప్ అనే సాధనంతో, ఒకే కంప్యూటర్ నుంచి, ఐపీవీ4 చిరునామాలన్నింటినీ 45 నిమిషాల్లోపు తట్టి చూడవచ్చని నిరూపించారు. అలాంటివి నేడు ఉచితంగా దొరుకుతున్నాయి. కొత్తగా తెరిచిన సర్వర్ లాగ్‌ను మర్నాడు చూస్తే సంగతి బోధపడుతుంది. లేని వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీ కోసం వెతుకులాట, ‘రూట్’, ‘అడ్మిన్’ పేర్లతో పాస్‌వర్డ్ ప్రయత్నాలు బారులు తీరి కనిపిస్తాయి.

చొరబాటు ఎంత దూరం పోతుందో 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ చూపింది. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలు, డీవీఆర్‌లు, రూటర్లను వశం చేసుకుని, అక్టోబరు 21న సైట్ల పేర్లను ఐపీ చిరునామాలుగా మార్చే డైన్ సంస్థ డీఎన్ఎస్ వ్యవస్థపై విరుచుకుపడింది. ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటి సైట్లు చాలామందికి తెరుచుకోలేదు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ రాన్సమ్‌వేర్ నెట్‌లోకి తెరిచి ఉన్న క్యూనాప్ స్టోరేజీ పరికరాల్లోని ఫైళ్లకు తాళం వేసి, ఒక్కో బాధితుణ్ని 0.03 బిట్‌కాయిన్ అడిగింది. పోర్టు ఫార్వార్డింగ్‌ను, పోర్టులను దానంతటదే తెరిచే యూపీఎన్‌పీని ఆపేయండని తయారీ సంస్థే వేడుకోవాల్సి వచ్చింది.

సర్వర్ చిక్కితే అదే వైఫైలోని ఫోన్లు, టీవీ, కెమెరాలకూ దారి దొరుకుతుంది. అక్కడి నుంచి మరొకరిపై దాడి జరిగితే, ఐపీ చిరునామా పట్టుకుని వచ్చే దర్యాప్తు ముందుగా తలుపు తట్టేది కనెక్షన్ ఎవరి పేరున ఉందో వారి ఇంటినే. సంస్థలైతే సైబర్ ఘటనలను ఆరు గంటల్లోగా తెలియజేయాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. లాగ్ తెరిచి చూసే మనిషే లేనిచోట చొరబాటు జరిగిన విషయం తెలిసేదెప్పుడు, తెలియజేసేదెప్పుడు?

ఇతరుల వివరాలున్న సైటును వృత్తిగా నడిపే హోస్టింగ్ సంస్థకే అప్పగించాలి. ఇంటి ఫైళ్లు బయటి నుంచి చూసుకోవడానికి వైర్‌గార్డ్ వంటి వీపీఎన్ సరిపోతుంది. సర్వర్ ఇంట్లో పెట్టి తీరాలనుకుంటే దానికి వేరే నెట్‌వర్క్, పాస్‌వర్డ్‌తో కాక ఎస్‌ఎస్‌హెచ్ కీలతోనే లాగిన్, ఆపకుండా అప్‌డేట్లు, నెట్‌వర్క్‌కు కలపని బ్యాకప్ ఉండాలి. రూటర్ బిగించిన రోజే ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్పించి, యూపీఎన్‌పీ ఆపి వెళ్లడం బ్రాడ్‌బ్యాండ్ సంస్థల విధి కావాలి. స్టాటిక్ ఐపీ అమ్మేటప్పుడు దానితో వచ్చే ప్రమాదాన్ని తెలుగులో రాసివ్వాలి. ఆ సంస్థలు ఇవన్నీ చేసేదాకా ఎదురుచూడకుండా, ఎవరికి వారు రూటర్ సెట్టింగ్స్ తెరిచి, ఎందుకు తెరిచారో గుర్తులేని పోర్టులను వెంటనే మూసేయడం శ్రేయస్కరం.