కండబలం ఒక్కటే చాలదు

వ్యాయామం నేర్పడం నేడొక జీవనోపాధి అయినది. జనగామ జిల్లాలోని మా లింగాల ఘనపూర్ ప్రాంతపు యువకులు కొందరు హైదరాబాదు జిమ్ములలో శిక్షకులుగా చేరాలన్న ఆశతో నా వద్దకు వచ్చి సలహా అడుగుతూ ఉంటారు. వారి ఆశ మెచ్చదగినదే. నాగలి పట్టిన, మోకు కట్టుకొని తాడిచెట్టెక్కిన కుటుంబాల బిడ్డలకు దేహశ్రమ కొత్త కాదు. కాని వారిలో పలువురు అడిగేది ఒక్కటే: "సర్టిఫికెట్టు లేకుండా కుదరదా?"

కుదురుతుంది. నా బాధ కూడా అదే. వైద్యునికి ఉన్నట్లు జిమ్ము శిక్షకునికి మన దేశంలో తప్పనిసరి లైసెన్సు లేదు. అద్దం ముందు కండలు చూపగలిగినవాడు మరునాడే ఒక మధుమేహ రోగి చేత బరువులెత్తించవచ్చును.

వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారిని తెలుగువారు కలియుగ భీముడని కీర్తించారు. ఏనుగును ఎదపై నిలుపుకొన్న ఆ మల్లయోధుడు సైతం మద్రాసు సైదాపేటలో ఏడాదిపాటు శిక్షణ పొంది, యోగ్యతాపత్రం పుచ్చుకొని, ఆ తరువాతనే విజయనగరంలో వ్యాయామోపాధ్యాయులైనారు. అంతటివారికి లేని తొందర మనకేల?

బలవంతుడు కావడం వేరు, పరుల బలమెంతో కనిపెట్టడం వేరు. సుశ్రుతుడు శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయమన్నాడు. నుదుట, ముక్కున, చంకలలో చెమట పట్టడం, నోరెండడం, నోటితో ఊపిరి తీయవలసి రావడం ఆ సగం పూర్తి అయినదనడానికి గుర్తులు. వాగ్భటుడు వాతపిత్త రోగులకు, బాలురకు, వృద్ధులకు, అజీర్ణం కలవారికి వ్యాయామం వద్దన్నాడు. వృద్ధుల విషయంలో మాత్రం నేను నేటి శాస్త్రం పక్షమే వహిస్తాను. 65 ఏళ్లు దాటినవారు వారానికి కనీసం మూడు రోజులు బలాన్ని, నిలకడను పెంచే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. అయితే వాగ్భటుని హెచ్చరిక వ్యర్థమని కాదు. ఎవరి చేత ఎంత చేయించాలో ఎరిగినవాడే చేయించాలి. ఆ ఎరుక చదువు వలన, అనుభవం వలన రావలసినదే.

మన దేశంలో క్రీడా, ఫిట్‌నెస్ రంగానికి నైపుణ్య మండలి ఉన్నది. అది ఫిట్‌నెస్ శిక్షకుని పనికి ప్రమాణాలు నిర్ణయించినది. అమెరికాకు చెందిన ఏసీఈ అనే సంస్థ తన పరీక్షకు 18 ఏళ్ల వయసుతో పాటు, ఆగిన గుండెను తిరిగి కొట్టుకొనేలా చేసే ప్రథమ చికిత్స నేర్చిన ధ్రువపత్రం కూడా కోరుతుంది. ఈ రెండవ నియమం నాకెంతో నచ్చినది. పాఠశాలలో స్థిరమైన ఉద్యోగం కోరేవారికి దారి వేరు: ఇంటర్మీడియట్ తరువాత డీపీఎడ్, డిగ్రీ తరువాత బీపీఎడ్, వాటికి పీఈసెట్. నడుము పట్టును సరిచేయడం ఫిజియోథెరపిస్టు పని. శిక్షకుడు అందులో చేయి పెట్టరాదు.

పొడుల డబ్బాలు అమ్మి కమీషను తీసుకొనే శిక్షకుని నేను నమ్మను. "కోర్సు" అనే ముద్దుపేరుతో స్టెరాయిడ్ సూదులు వేయించేవాడు శిక్షకుడే కాడు. అవి కాలేయాన్ని, గుండెను దెబ్బతీస్తాయి. సంతాన యోగ్యతను హరిస్తాయి. పెండ్లి కావలసిన కుర్రవానికి ఈ సంగతి ఎవరు చెప్పుతున్నారు?

ఇక పని హైదరాబాదులోనే దొరుకుతుందన్న భ్రమ ఒకటి. మధుమేహంతోను, మోకాళ్ల నొప్పులతోను నడక మానుకొని కూర్చున్నవారు మా మండలంలోనే ఉన్నారు. ఉదయం పూట వారిని కూడగట్టి అరగంట నడిపించి, కుర్చీలో కూర్చుండి లేచే సాధన చేయించి, నెలకింతని పుచ్చుకొనే శిక్షకునికి ఇక్కడే గిరాకీ ఉంటుంది. వచ్చినవారి చేతికి బరువులు ఇచ్చే ముందు "గుండెజబ్బు ఉన్నదా? బీపీ మాత్ర వేసుకుంటున్నారా? రాత్రి నిద్ర పట్టినదా?" అని అడిగే అలవాటున్న యువకుడు ఒక్కడు దొరికితే, నా రోగులను నేనే స్వయంగా చీటీ వ్రాసి అతని వద్దకు పంపుతాను.