చెరువు ఊరిది, తూము ఒక్కరి చేతిల

దునియాల ఉన్న వెబ్‌సైట్లను వంద లెక్క పెడితె అండ్ల 43 దాంక ఒక్క సాఫ్ట్‌వేర్ మీదనె నడుస్తున్నయి. దాని పేరు వర్డ్‌ప్రెస్. అమెరికల వైట్‌హౌస్ సైట్ దాని మీదనె ఉన్నది. నాసా తన పెద్ద సైటును 2023ల దాని మీదికి మార్చుకున్నది. మన కాడ చిన్న పత్రికలు, కాలేజీలు, దవాఖానలు, సాహిత్యం సైట్లు, రిటైరయినంక కతలు రాసుకునే పంతుళ్లు కూడ దాన్నే వాడుతున్నరు. ఆ సాఫ్ట్‌వేర్‌కు ఎవరూ ధర కట్టే పని లేదు. గింత పెద్దది ఎన్నటికైనా ఆగమైతదా అని అడిగితె చానామంది నవ్వుతరు. నాకైతె నవ్వు రాదు. 2024 సెప్టెంబర్‌ల మొదలైన ఒక పంచాయితి దాని లోపల ఉన్న బలహీనతను అందరి ముంగట పెట్టింది. అమెరిక కంపెనీల లొల్లి మనకెందుకు అని ఊకునే ముచ్చట కాదిది.

ముందుగాల ఇది ఎట్ల పుట్టిందో చూడాలె. బ్లాగులు రాసుకునేందుకు బీ2 అనే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉండె. మిషెల్ వాల్‌డ్రిగి అనే ఫ్రెంచి ప్రోగ్రామర్ దాన్ని తయారు చేసిండు. కొన్నొద్దులకు ఆయన దాన్ని చూసుకునుడు బందు చేసిండు. వాడుతున్నోళ్లు దిక్కు లేనోళ్లయిన్రు. అప్పుడు అమెరికల 19 ఏండ్ల మ్యాట్ ముల్లెన్‌వెగ్, ఇంగ్లండ్‌ల మైక్ లిటిల్ కలిసి ఆ కోడ్‌ను తీసుకొని ముందుకు నడిపిన్రు. 2003 మే 27న వర్డ్‌ప్రెస్ మొదటి వెర్షన్ వచ్చింది. ఒకరు ఇడిసిపెట్టిన దాన్ని ఇంకొకరు అడగకుండ ఎట్ల తీసుకున్నరు? బీ2 జీపీఎల్ లైసెన్స్ కింద ఉండె కాబట్టి. ఆ లైసెన్స్ ఏం చెప్తదంటె, ఈ కోడ్‌ను ఎవరైనా వాడొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. మార్చి పంచినోళ్లు కూడ తీసుకున్నోళ్లకు అదే హక్కు ఇయ్యాలె. వర్డ్‌ప్రెస్ పుట్టుకనే ఆ హక్కు మీద ఉన్నది.

తెల్లారి ఏడాదికె ఇంకో ముచ్చట అయింది. అప్పట్ల బ్లాగర్లల్ల మస్తు పేరున్నది మూవబుల్ టైప్. 2004ల దాని కంపెనీ లైసెన్స్ షరతులు మార్చింది. ఎక్కువ మంది రాసే సైట్లు, ఎక్కువ బ్లాగులు ఉన్నోళ్లు పైసలు కట్టాలె అన్నది. వాడెటోళ్లకు కోపమొచ్చింది. గుంపులు గుంపులుగ వర్డ్‌ప్రెస్‌కు వచ్చిన్రు. ఇయ్యాల మూవబుల్ టైప్ పేరు కొత్తోళ్లకు ఎర్కనే లేదు. పెద్దగ ఉన్నంత మాత్రాన బతుకుతదనే లెక్క అప్పుడే తప్పింది.

ఇగ అసలు ముచ్చటకు వస్త. వర్డ్‌ప్రెస్ అంటె మూడు సంగతులు. ఒకటి కోడ్. అది అందరిది, ఎవరూ గుంజుకోలేరు. రెండోది పేరు, అంటె ట్రేడ్‌మార్క్. మూడోది వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ అనే చోటు. మీ సైట్‌ల అప్‌డేట్ బటన్ ఒత్తితె కొత్త కోడ్ అక్కడికెల్లే వస్తది. 50 వేలకు పైన ఉన్న ప్లగిన్లు, వాటి మరమ్మతులు, థీమ్‌లు అన్ని అక్కడికెల్లే దిగుతయి. మన ఊరి లెక్కల చెప్పాలంటె కోడ్ చెరువు, ఆ చోటు తూము. చెరువుల నీళ్లు ఎన్నున్నా, తూము ఎత్తితెనె మడికి చేరుతయి.

మరి ఆ తూము ఎవరిది? 2010ల ట్రేడ్‌మార్క్‌ను వర్డ్‌ప్రెస్ ఫౌండేషన్‌కు ఇచ్చిన్రు. అది లాభాపేక్ష లేని సంస్థ. జనం అంత తూము కూడ ఫౌండేషన్‌దే అనుకున్నరు. కాదని ఈ పంచాయితిల తేలింది. అది ముల్లెన్‌వెగ్ సొంత ఆస్తి. ఫౌండేషన్ పెట్టింది ఆయన్నే. వర్డ్‌ప్రెస్ మీద వ్యాపారం చేసే ఆటోమాటిక్ కంపెనీకి పెద్ద కూడ ఆయన్నే. ఆ పేరును వ్యాపారానికి వాడుకునే హక్కు ఫౌండేషన్ కాడికెల్లి ఆ కంపెనీకే పోయింది. ఊరి పెద్ద, దుకాణం సేటు, నీరటి.. ముగ్గురి పని ఒక్క మనిషే చేస్తున్నట్టు.

2024 సెప్టెంబర్‌ల ఏమైందంటె, డబ్ల్యూపీ ఇంజిన్ అనే హోస్టింగ్ కంపెనీ మీద ముల్లెన్‌వెగ్ బహిరంగంగ మండిపడ్డడు. ఆ కంపెనీల సిల్వర్ లేక్ అనే పెద్ద పెట్టుబడి సంస్థకు ఎక్కువ వాటా ఉన్నది. వర్డ్‌ప్రెస్ మీద మస్తు సంపాదిస్తున్నరు, వర్డ్‌ప్రెస్‌కు మాత్రం ఏం చేస్తలేరు అని ఆయన ఫిర్యాదు. పేరు వాడుకున్నందుకు ఆదాయంల 8 శాతం ఇయ్యాలె, లేదంటె అంత విలువైన పని చెయ్యాలె అని ఆటోమాటిక్ అడిగింది. వాళ్లు ఒప్పుకోలె. సెప్టెంబర్ 25న ఆయన తూము మూసిండు. డబ్ల్యూపీ ఇంజిన్ కాడ సైట్లు పెట్టుకున్నోళ్లకు అప్‌డేట్లు రాకుండ అయినయి. నడుమ కొన్ని దినాలు తెరిచి మల్ల మూసిండు. అక్టోబర్ 2న ఆ కంపెనీ కాలిఫోర్నియ ఫెడరల్ కోర్టుకు పోయింది.

అక్కడితోని ఆగలె. అక్టోబర్ 12న ఏసీఎఫ్ అనే ప్లగిన్ పేజీని వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ తన చేతిలకు తీసుకొని పేరు మార్చింది. డబ్ల్యూపీ ఇంజిన్‌కు చెందిన ఆ ప్లగిన్‌ను 20 లక్షలకు పైన సైట్లు వాడుతున్నయి. డబ్ల్యూపీ ఇంజిన్‌తోని నాకు సంబంధం లేదు అని టిక్కు పెడితెనె లాగిన్ అయ్యేటట్టు చేసిన్రు. ఆటోమాటిక్‌ల ఈ తీరు నచ్చనోళ్లు పైసలు తీసుకొని పోవచ్చు అంటె 159 మంది పోయిన్రు. డిసెంబర్ 10న కోర్టు మధ్యంతర ఆదేశం ఇచ్చింది. తూము మల్ల తెరవాలె, పాత లెక్కనే ఉంచాలె అన్నది.

నేను ఇక్కడ ఒక పక్కకే మాట్లాడ. ముల్లెన్‌వెగ్ ఫిర్యాదుల నిజం ఉన్నది. చెరువు కింద పదెకరాలు పారిచ్చుకునెటోడు పూడిక తీసేటప్పుడు ఒక్క తట్ట కూడ మోయకపోతె ఊరు అడగదా? తప్పక అడుగుతది. ఓపెన్ సోర్స్‌కు ఉన్న పాత రోగమే ఇది. వాడెటోళ్లు కోట్లమంది, మోసెటోళ్లు కొందరు. వర్డ్‌ప్రెస్ మీద సంపాదించే కంపెనీలు తమ బలంల 5 శాతం వర్డ్‌ప్రెస్ పనికే పెట్టాలె అని ఆయన 2014లనే చెప్పిండు. అది న్యాయమైన మాట. కని లైసెన్స్ ఏం చెప్తదో కూడ చూడాలె. వాడుకున్నందుకు పనిచెయ్యాలె అని జీపీఎల్‌ల ఎక్కడా లేదు. పట్టుదల ఎంత న్యాయమైనదైనా, అవతలోడి మీద కోపంతోని తూము మూస్తె ఎండేది మడి. ఆ కంపెనీకి కిరాయి కట్టి సైట్ పెట్టుకున్న చిన్నోళ్లు ఏం పాపం చేసిన్రు?

దెబ్బ ఎక్కడ పడ్డదో 2025ల కనబడ్డది. జనవరిల ఆటోమాటిక్ తన మనుషులను వర్డ్‌ప్రెస్ పని కాడికెల్లి గుంజుకున్నది. అప్పటిదాంక వారానికి 4 వేల గంటలకు దగ్గర పని ఇచ్చిన కంపెనీ, ఇగ 45 గంటలే ఇస్తమన్నది. ఏప్రిల్‌ల తన ఉద్యోగులల్ల 16 శాతం మందిని తీసేసింది. ఏడాదికి మూడు పెద్ద వెర్షన్లు వచ్చే అలవాటున్న సాఫ్ట్‌వేర్‌కు ఆ ఏడాది రెండే వచ్చినయి. 6.8 ఏప్రిల్‌ల, 6.9 డిసెంబర్‌ల. మే నెల ఆఖరుకు మల్ల పనిల చేరుతమని కంపెనీ ప్రకటించింది. మంచిదే. కని ఒక్క కంపెనీ అలిగితె దునియాల సగానికి దగ్గర సైట్ల పని మందగిస్తదని అందరికి అర్థమైంది.

మరి వర్డ్‌ప్రెస్ సచ్చిపోతదా? నా లెక్కల కోడ్ సావదు. సావొద్దనే ఆ లైసెన్స్ రాసిన్రు. బీ2 లెక్కనే రేపు ఎవరైనా తీసుకొని నడుపుకోవచ్చు. ఇసొంటివి ముందుగాల కూడ అయినయి. మాంబో అనే సాఫ్ట్‌వేర్ పేరు ఆస్ట్రేలియ కంపెనీ ఒకదాని చేతిల ఉండె. 2005ల పనిచేసెటోళ్లకు, కంపెనీకి చెడ్డది. వాళ్లు కోడ్ తీసుకొని బయటికొచ్చి జూమ్ల పెట్టుకున్నరు. పేరు కంపెనీ కాడ మిగిలింది, పని బయటికి పోయింది. ఇయ్యాల జూమ్ల ఉన్నది, మాంబో లేదు. 2010ల ఓపెన్‌ఆఫీస్ కాడ కూడ అదే అయింది. ఒరాకిల్ చేతిలకు పోయినంక పనిచేసెటోళ్లు లిబ్రేఆఫీస్ మొదలు పెట్టిన్రు. దానికి ఒక ఫౌండేషన్ కట్టుకున్నరు. మనం తెలుగుల టైపు చేసుకునే చానా కంప్యూటర్లల్ల ఇయ్యాల అదే ఉన్నది.

గని వర్డ్‌ప్రెస్‌ను అట్ల చీల్చుడు అంత అలక కాదు. 2018 డిసెంబర్‌ల వచ్చిన 5.0 వెర్షన్‌ల గుటెన్‌బర్గ్ అనే కొత్త ఎడిటర్ పెట్టినప్పుడు, నచ్చనోళ్లు క్లాసిక్‌ప్రెస్ అని వేరు కుంపటి పెట్టుకున్నరు. అది ఇంకా ఉన్నది, చిన్నగనే ఉన్నది. కోడ్ ఒకటి ఉంటె సాలదు. 50 వేల ప్లగిన్లు, వాటిని చేసెటోళ్లు, అప్‌డేట్లు పంపే తూము.. ఇన్ని కలిస్తెనె వర్డ్‌ప్రెస్. ప్లగిన్‌ల ఒక బొక్క దొరికినప్పుడు మరమ్మతు టైముకు చేరకపోతె దొంగలు సైట్లల్ల జొర్రుతరు. కాబట్టి వర్డ్‌ప్రెస్‌కు ముప్పు ఒక్కదినంల సచ్చుడు కాదు. పనిచేసెటోళ్లు విసుగొచ్చి ఒక్కొక్కరు తప్పుకునుడు, మరమ్మతులు ఆలస్యమయ్యుడు, కొత్తోళ్లు రాకపోవుడు. చెరువు ఒక్కదినంల తెగదు. ఏడాదికింత పూడుకపోతది.

దీనికి దారి కూడ కొందరు చూపిస్తున్నరు. 2025 జూన్‌ల లైనక్స్ ఫౌండేషన్ నీడల ఫెయిర్ అనే పని మొదలైంది. ప్లగిన్లు, అప్‌డేట్లు ఒక్క చోటికెల్లే కాకుండ శానా చోట్లకెల్లి వచ్చేటట్టు చేసుడు దాని ఉద్దేశం. మనకు ఇది కొత్త ముచ్చట కాదు. కాకతీయుల కాలంల కట్టిన గొలుసుకట్టు చెరువులు గుర్తు చేసుకోండ్రి. ఒకటి నిండి అలుగు పారితె ఇంకోటి నిండుతది. ఫెయిర్ గెలుస్తదా లేదా నేను చెప్పలేను, దారి మాత్రం సరైనది. ఇంకో పని ముల్లెన్‌వెగ్ చేతిలనే ఉన్నది. వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్‌ను ఫౌండేషన్‌కు రాసియ్యాలె. ఆ ఫౌండేషన్‌ల వాడెటోళ్లు, పనిచేసెటోళ్లు ఎన్నుకున్న మనుషులు ఉండాలె. ఇరవై ఏండ్లకు పైన కష్టపడి పెంచిన మనిషి అది చేస్తె ఆయన పేరే నిలుస్తది. కోర్టుల తీర్పు ఎటు వచ్చినా, ఈ పని కాకపోతె మల్ల ఇంకో పంచాయితి తప్పదు.

మనకెందుకు ఈ బాధ అంటె, ఒకే ఒక మాట చెప్త. మన బాసల రాస్తె పత్రికలోళ్లు దిద్దెటోళ్లు. "వచ్చిన్రు" అని పంపితె "వచ్చారు" అని అచ్చయ్యేది. సొంత సైట్ వచ్చినంక ఆ దిద్దుడు బందయింది. మనిషి ఎట్ల మాట్లాడుతడో అట్లనే రాసుకున్నడు. అసొంటి రాతలు చానావరకు బ్లాగులల్లనే మొదలయినయి. తర్వాత జనం ఫేస్‌బుక్‌కు పోయిన్రు. అక్కడ రాసింది మూడొద్దులకు కిందికి పోతది, పదేండ్ల కిందటిది ఎతికితె దొరకదు. కంపెనీకి ఇష్టం లేకపోతె దుకాణమే మూస్తది. యాహూ 2009ల జియోసిటీస్ మూసింది. గూగుల్ 2014ల ఆర్కుట్ మూసింది. అండ్ల రాసుకున్నోళ్ల మాటలు ఎన్ని పోయినయో లెక్క లేదు. వర్డ్‌ప్రెస్‌ల మాత్రం రాసినవన్ని ఒక్క ఫైల్‌ల దించుకొని ఇంటికి తెచ్చుకోవచ్చు, ఇంకో చోట పెట్టుకోవచ్చు. బాసకు గసొంటి ఇల్లు కావాలె.

కాబట్టి సైట్ నడిపెటోళ్లకు నేను చెప్పేది ఇది. నెలకొకసారి మీ రాతలన్ని ఎక్స్‌పోర్ట్ చేసి మీ కాడ పెట్టుకోండ్రి. ఫొటోలు ఆ ఫైల్‌ల రావు, అవి వేరేగ దించుకోవాలె. డొమైన్ మీ పేరు మీదనె ఉన్నదా, సైట్ చేసిచ్చిన పిలగాని పేరు మీద ఉన్నదా చూసుకోండ్రి. పని లేని ప్లగిన్లు తీసెయ్యండ్రి. వర్డ్‌ప్రెస్ తెలుగు అనువాదానికి ఎవరైనా చెయ్యి కలపొచ్చు, దానికి కోడ్ రావాల్సిన పని లేదు. వర్డ్‌ప్రెస్ సైట్లు చేసి బతుకుతున్న మన హైదరాబాద్ కంపెనీలు, నెలకు ఒక మనిషిని రెండు దినాలు ఆ పనికి పంపినా మస్తు. ఇంజినీరింగ్ కాలేజీలు పిలగాండ్లతోని ఉత్తుత్తి ప్రాజెక్టులు చేపిచ్చే బదులు ఒక ప్లగిన్‌ల బగ్గు దిద్దిపిస్తె వాళ్లకూ పని వస్తది, చెరువుల ఒక తట్ట పూడిక పోతది.