బాణం రంగు మారింది, బండి దిగమన్నారు

మొన్న శనివారం పీటర్స్‌ఫీల్డ్ పక్కన సుద్ద కొండల్లో ఒక పెద్దాయన నన్ను సైకిలు దింపేశాడు. దింపే హక్కు ఆయనకుందా లేదా అన్నది తర్వాత చెప్తా. ముందు అక్కడ ఏమైందో చెప్పాలి. ఎందుకంటే అప్పట్నుంచీ నాకు ఒళ్ళు మండుతూనే ఉంది.

తెలియని వాళ్ళ కోసం: ఇంగ్లండు దక్షిణాన వించెస్టర్ నుంచి ఈస్ట్‌బోర్న్ దాకా పరుచుకున్న కొండల్ని సౌత్ డౌన్స్ అంటారు. పేరుకే కొండలు. అందులో పెద్దవాటి కింద లెక్కగట్టే బట్సర్ హిల్ కూడా సుమారు 270 మీటర్లే. పైన గొర్రెలు మేసిన పొట్టి గడ్డి, దాని కింద పల్చటి మట్టి, ఆ కింద అంతా సుద్ద. ఈ కొండల మీదుగా సౌత్ డౌన్స్ వే అని 160 కిలోమీటర్ల బాట ఉంది, 1972లో తెరిచారు. ఎండాకాలంలో తూర్పుగా తొక్కుకుంటూ పోతే తెల్లటి బాట, ఎడమ పక్క దిగువన పొలాలు, కుడి పక్క దూరంగా సముద్రం. అదే చలికాలంలో వెళ్ళారో, తడిసిన సుద్ద మీద బ్రేకు వేయడమంటే సబ్బునీళ్ళు పోసిన గచ్చు మీద పరిగెత్తడమే. మధ్య మధ్యలో చెకుముకి రాళ్ళు, బ్లేడులా టైరు కోస్తాయి. అయినా పోర్ట్స్‌మత్‌లో రైలెక్కితే అరగంటలో దిగొచ్చు కాబట్టి మూడేళ్ళుగా నా శనివారాలన్నీ అక్కడే.

ఆ రోజు పెద్ద బాట వదిలి ఒక పక్క దారిలోకి దిగా. గుంజ మీద నీలం బాణం. నీలం అంటే గుర్రబ్బాట, సైకిలు వెళ్ళొచ్చు. పసుపు అంటే కాలిబాట, సైకిలు వెళ్ళకూడదు. ఒక కిలోమీటరు పోయాక గేటు వచ్చింది. గేటుకి అవతల గుంజ మీద బాణం పసుపు! బాట అదే. ట్రాక్టరు పట్టేంత వెడల్పు, అదీ అదే. అదే గట్టి సుద్ద. నేను బాణం చూడలేదని చెప్తే అబద్ధం. చూశా, ఒక్క నిమిషం ఆగా, వెనక్కి తిరిగితే పది కిలోమీటర్లు చుట్టు అని లెక్కేసుకుని ముందుకే పోయా.

నాలుగు వందల మీటర్లు పోయానో లేదో, కుక్కతో ఎదురొచ్చిన పెద్దాయన కర్ర అడ్డం పెట్టి "ఇది కాలిబాట, దిగండి" అన్నాడు. దిగా. "గేటు దాకా గుర్రబ్బాటే కదండీ, ఇక్కడ ఎందుకు మారింది?" అనడిగా. "ఎప్పుడూ ఇంతే" అన్నాడు. మర్యాదగానే అన్నాడు లెండి. మిగతా రెండు మైళ్ళూ సైకిలు నెట్టుకుంటూ నడిచా.

సోమవారం లంచ్‌లో ఇది చెప్తే మా ఆఫీసులో ఒకన్న (నాకంటే పదేళ్ళు పెద్ద, గుంటూరు వైపు) ఏమన్నాడో తెలుసా? "తమ్ముడూ, వాళ్ళ దేశం, వాళ్ళ కొండలు. నీకింకా ఐఎల్ఆర్ రాలేదు. ఈ గొడవలు మనకెందుకు చెప్పు? జిమ్ముకెళ్ళు." నిజం చెప్పాలంటే పెద్దాయన మాటకంటే ఈ మాటకే ఎక్కువ మండింది.

"ఎప్పుడూ ఇంతే" అనే జవాబు ఏ కోడ్ రివ్యూలో విన్నా నేను ఊరుకోను. అందుకే తవ్వా. 1949లో ఒక చట్టం చేసి, ఏ బాట మీద ప్రజలకి ఏ హక్కుందో పటాలు గీయమన్నారు. 1950ల్లో ఆ సర్వే చాలా చోట్ల పారిష్‌లు చేశాయి. పారిష్ అంటే మన పంచాయతీ అనుకోండి. సరిహద్దుకి ఇటువైపు పెద్దమనుషులు గుర్రబ్బాట అని రాశారు, అటువైపు వాళ్ళు అదే బాటని కాలిబాట అని రాశారు. పొద్దున్నే గేటు దగ్గర గుర్రం గాల్లో కలిసిపోతుందేమో మరి! డెబ్భై ఏళ్ళ నాటి ఆ డేటా ఎంట్రీయే ఇప్పటికీ ప్రొడక్షన్లో నడుస్తోంది.

ఇంకా అసలు సంగతి వినండి. ఆ పటాలు గీసేనాటికి గుర్రబ్బాట మీద కూడా సైకిలుకి హక్కు లేదు. అది వచ్చింది 1968 చట్టంతో. అంటే 1950ల్లో కాలిబాటా గుర్రబ్బాటా అని రాసినాయన సైకిలు వెళ్ళొచ్చా లేదా అన్నది తేల్చనే లేదు, అది ఆయన ముందున్న ప్రశ్నే కాదు. తర్వాత వచ్చినవాళ్ళు వేరే పనికోసం పెట్టిన ఫీల్డుని తీసుకొచ్చి సైకిలు నిబంధనకి తగిలించారు. పైగా ఆ 1968 హక్కు ఎలాంటిదంటే, నడిచేవాళ్ళకీ గుర్రాలకీ మనం దారివ్వాలి (న్యాయమే), బాటని సైకిలుకి అనువుగా ఉంచాల్సిన బాధ్యత మాత్రం ఎవరికీ లేదు. ఎస్ఎల్ఏ లేని సర్వీసన్నమాట. ఇంగ్లండులో ఉన్న ఇలాంటి బాటల్లో సైకిలుకి తెరిచి ఉన్నవి నాలుగో వంతు కూడా లేవు.

సైకిళ్ళొస్తే సుద్ద గడ్డినేల పాడైపోతుందంటారు. ఆ నేల గొప్పదే, కాదన్ను. ఒక్క చదరపు మీటరులో నలభై దాకా మొక్క జాతులుండే చోట్లున్నాయి. జనవరి బురదలో సైకిలు చాళ్ళు తీస్తుంది, అదీ ఒప్పుకుంటా. కానీ అదే జనవరిలో ఐదొందల కిలోల గుర్రం నీలం బాణం వెంట దర్జాగా పోవచ్చు. జూలైలో సిమెంటులా ఎండిన పసుపు బాట మీద నా పద్నాలుగు కిలోల సైకిలు పోకూడదు. ఇది గడ్డిని కాపాడే నిబంధన ఎలా అవుతుంది? నేలని కాపాడాలంటే నేలని చూసి, కాలాన్ని చూసి నిబంధన పెట్టాలి. అదేం వింత కాదు. రిడ్జ్‌వే అని ఇంకో సుద్ద కొండల బాట ఉంది, దాని పడమటి భాగంలో కొన్ని ముక్కల మీద మోటారు బళ్ళని వేసవిలో మాత్రమే రానిస్తారు. మోటారుకి పెట్టగలిగిన షరతు సైకిలుకి పెట్టలేరా?

సైకిలు వద్దన్న చోటల్లా నేను గొడవ పడట్లేదు. సౌత్ డౌన్స్ వే ఈస్ట్‌బోర్న్ దగ్గర రెండుగా చీలుతుంది. నడిచేవాళ్ళు సెవెన్ సిస్టర్స్ కొండ అంచుల మీదుగా పోతారు, మనల్ని జెవింగ్టన్ మీదుగా లోపలికి మళ్ళిస్తారు. సబబే. ఆ అంచులు విరిగి సముద్రంలో పడుతుంటాయి, జనం కిటకిటలాడుతుంటారు. అక్కడ కారణం కంటికి కనపడుతుంది. నా గేటు దగ్గర కారణం చూపించమనే నేనడిగేది.

స్కాట్లండులో 2003 చట్టంతో, బాధ్యతగా మసలుకుంటే చాలు, సైకిలు దాదాపు ఎక్కడైనా తొక్కొచ్చన్నారు. కొండలక్కడే ఉన్నాయి. ఇంకో వెటకారం ఏంటంటే, ఇక్కడ నడిచేవాళ్ళకి కూడా హక్కులు ఊరికే రాలేదు. 1932లో కిండర్ స్కౌట్ కొండ మీదకి మూకుమ్మడిగా చొరబడి ఐదుగురు జైలుకెళ్ళారు. అలా తెరిపించుకున్న వాళ్ళ వారసులే ఇప్పుడు కర్ర అడ్డం పెడుతున్నారు.

మన సైకిలు బాబుల్నీ వదలను. "చీకీ ట్రయల్" అని ముద్దుగా పేరు పెట్టుకుని, సందు చూసి కాలిబాట మీద దూసుకుపోవడం, కుక్కల్నీ ముసలాళ్ళనీ బెదరగొట్టడం, అడవిలో సొంతంగా గంతుల దిబ్బలు తవ్వడం. ఆ రోజు నేను చేసింది కూడా ఆ జాతి పనే. మామూలుగా అది నేరం కాదు, భూమి యజమాని దావా వేసుకోగల సివిల్ తప్పు (స్థానిక నిబంధనలున్న చోట సంగతి వేరు). కాబట్టి పెద్దాయనకి నన్ను ఆపే అధికారం లేదు, నాకు అక్కడ తొక్కే హక్కూ లేదు. దొంగచాటుగా తొక్కినవాడు వెళ్ళి "తెరవండి" అని ఎలా అడుగుతాడు?

ఇక మా అన్న మాట. మా ఊళ్ళో చెరువు పక్కన డొంక ఉండేది. రెండు ఎడ్లబళ్ళు ఎదురొస్తే తప్పుకునేంత వెడల్పని మా తాతయ్య చెప్పేవాడు. ఇటు రైతూ అటు రైతూ ఏడాదికో జానెడు గట్టు జరిపారు. ఊరంతా "మనకెందుకు" అనుకుంది. మొన్న సంక్రాంతికెళ్తే అందులో మోటారు సైకిలు తిప్పడం కూడా కష్టమైంది. వాళ్ళది వాళ్ళ సొంత ఊరు, వీసా బాధ కూడా లేదు!

ఇక్కడ పటంలో తప్పుందని దరఖాస్తు పెట్టడానికి పౌరసత్వం అక్కర్లేదు. చట్టంలో "ఏ వ్యక్తైనా" అనే ఉంది. కావల్సింది ఆధారం. పాత పటాలు, లేదా ఇరవై ఏళ్ళ వాడకం. పాత పటాల ఆధారంతో పెట్టే దరఖాస్తులకి 2026 జనవరి 1 ఆఖరి గడువని 2000లో చట్టం చేశారు, 2023లో దాన్ని 2031కి జరిపారు, ఆ గడువే ఎత్తేస్తామని 2024 డిసెంబరులో ప్రభుత్వం ప్రకటించింది. దరఖాస్తు ఏళ్ళ తరబడి నానుతుందని కూడా తెలుసు. నానితే నాననీ.

సెలవు పెట్టి రికార్డుల ఆఫీసుకెళ్ళి రెండు పారిష్‌ల 1840ల నాటి పన్ను పటాలు తీయించా. రెండింట్లోనూ ఆ బాట సరిహద్దు దగ్గర ఆగకుండా సాగుతోంది. అదొక్కటే సరిపోదట, ఇంకా తవ్వాలి. వచ్చే శనివారం గేటుకి రెండు వైపులా బాట వెడల్పు కొలిచి ఫొటోలు తీద్దామని అన్నని కూడా రమ్మన్నా. "నాకు సైకిలు లేదుగా" అన్నాడు.

నడిచి రా అన్నా, అది కాలిబాటే కదా :)