సిరాబుడ్డికి తాళం

పూర్వం బడికి వెళ్ళే పిల్లవాడు సిరా అయిపోతే అంగడిలో సిరాబిళ్ళ కొని, నీటిలో కరిగించి, బుడ్డి నింపుకొనేవాడు. ఆ బిళ్ళను ఎవరు తయారుచేశారని కలం ఏనాడూ ప్రశ్నించలేదు. నేటి ఇంక్‌జెట్ ప్రింటరు ప్రశ్నిస్తుంది. తృప్తికరమైన సమాధానం లభించనిదే అది ఒక్క అక్షరమైనా ముద్రించదు.

ఆ ప్రశ్నకు సమాధానం చెప్పేది సిరా కార్ట్రిడ్జికి అతికించిన గోరంత చిప్పు. సిరా ఏ రంగుదో, ఎవరు తయారుచేశారో, ఎంత ఖర్చయిందో అందులో నమోదై ఉంటుంది. ప్రింటరు తాను చిమ్మిన బిందువులను లెక్కించి, ఆ లెక్కను చిప్పులో వ్రాస్తూ ఉంటుంది. చాలా నమూనాలలో లోపల సిరా నిజంగా ఎంత మిగిలిందో కొలిచే సాధనం లేదు, లెక్కే ప్రమాణం. అందువల్ల ఖాళీ అయిన కార్ట్రిడ్జిని యజమాని అంచుదాకా నింపినా, చిప్పు మాత్రం ‘శూన్యం’ అనే చెబుతుంది. నిండుకుండను ఒట్టికుండగా నమ్మించే విచిత్రమైన సాక్షి అది!

ఈ సాక్షి మాటలను ఆలకించడం అసాధ్యమేమీ కాదు. ఇటువంటి చిప్పులు అనేకం రెండు తీగల మీదనే సంభాషిస్తాయి. ఒక తీగ తాళం వేస్తుంది. రెండవది సమాచారాన్ని మోస్తుంది. కొద్ది వందల రూపాయలకు లభించే మైక్రోకంట్రోలరును ఆ తీగలకు కలిపితే ప్రింటరు అడిగినదీ, చిప్పు బదులు చెప్పినదీ అంకెల రూపంలో బయటపడతాయి. ఒక పుట ముద్రించడానికి ముందు ఒకసారి, తరువాత ఒకసారి ఆ అంకెలను పోల్చి చూడాలి. మారినది ఏదో అదే సిరా లెక్క అయి ఉంటుందని ఊహించి, మరికొన్ని పుటలతో నిర్ధారించుకోవాలి. కొన్ని చిప్పులలో లెక్క ముందుకే గాని వెనుకకు నడవదు. అప్పుడు మైక్రోకంట్రోలరే చిప్పు స్థానంలో నిలిచి బదులు చెప్పవలసి ఉంటుంది. రహస్య సంకేతంతో ప్రతిసారీ కొత్త సమాధానం కోరే చిప్పుల విషయంలో ఈ ఉపాయమూ పారదు. వస్తువును విప్పి దాని మర్మాన్ని గ్రహించే ఈ విద్యకే రివర్స్ ఇంజనీరింగ్ అని పేరు.

ఇది చౌర్యమా? ఈ ప్రశ్న అమెరికాలో న్యాయస్థానానికి ఎక్కింది. లెక్స్‌మార్క్ సంస్థ లేజర్ ప్రింటర్ల టోనరు కార్ట్రిడ్జిలకు చిప్పులు అమర్చింది. స్టాటిక్ కంట్రోల్ అనే సంస్థ వాటికి బదులుగా పనిచేసే చిప్పులను తయారుచేసి, కార్ట్రిడ్జిలు నింపేవారికి అమ్మింది. 2002 డిసెంబరు చివరలో దావా దాఖలైంది. వివాదంలో ఉన్న ఒక ప్రోగ్రామ్ పరిమాణం 55 బైట్లు, మరొకదానిది 37 బైట్లు! క్రింది న్యాయస్థానం లెక్స్‌మార్క్ పక్షాన ఇచ్చిన నిషేధాన్ని 2004లో అప్పీలు న్యాయస్థానం కొట్టివేసింది. ముందు తలుపుకు తాళమే లేని ఇంటికి దొడ్డి తలుపు తాళం రక్షణ కాజాలదన్న పోలిక ఆ తీర్పులో కనిపిస్తుంది. 2017లో మరొక వ్యాజ్యంలో, అమ్మివేసిన కార్ట్రిడ్జిపై తయారీదారుకు పేటెంటు హక్కు మిగలదని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది.

తయారీదారుల వాదనలో సత్యం లేకపోలేదు. ప్రింటరును తక్కువ ధరకు అమ్మి, సిరా మీద లాభం రాబట్టుకోవడం వారి వ్యాపార పద్ధతి. నాసిరకం సిరా సూక్ష్మరంధ్రాలను మూసివేయగలదు. తన సరుకుకు పరుల పేరు అంటించి అమ్మేవాడు మోసగాడే. అయితే, తన డబ్బుతో కొన్న డబ్బాను తానే నింపుకొనేవాడు ఆ కోవకు చెందడు. ‘ఈ సిరా మాది కాదు, నష్టం జరిగితే బాధ్యత మీదే’ అని యంత్రం హెచ్చరించడం ధర్మం. పని మానివేయడం ధర్మం కాదు. 2016 సెప్టెంబరులో కొన్ని హెచ్.పి. ప్రింటర్లు, అంతవరకు అంగీకరించిన ఇతరుల కార్ట్రిడ్జిలను హఠాత్తుగా తిరస్కరించాయి. వినియోగదారులు ఆగ్రహించగా, విషయాన్ని ముందుగా సరిగా తెలుపనందుకు సంస్థ విచారం వెలిబుచ్చి, ఆ నిబంధనను తొలగించే సాఫ్ట్‌వేరును అందించింది. నిన్న పనికివచ్చిన సిరా తెల్లవారేసరికి విషంగా మారిందా?

చెత్తకుప్ప సంగతి మరొకటి. తిరిగి నింపదగిన గట్టి ప్లాస్టిక్ డబ్బా కేవలం ఒక అంకె మూలంగా వ్యర్థమవుతుంది. పునర్వినియోగానికి అడ్డుపడే ప్రత్యేక ఏర్పాట్లు తయారీలో ఉండరాదని ఐరోపా సమాజం 2003లోనే విద్యుత్ వ్యర్థాల ఆదేశంలో పేర్కొన్నది, మినహాయింపులకూ చోటిచ్చింది.

చిప్పు లేనిదే ముద్రణ సాగదన్న మాటను పరీక్షించే అవకాశం అనుకోకుండా వచ్చింది. ప్రపంచమంతటా చిప్పుల కొరత ఏర్పడినప్పుడు, 2022 ఆరంభంలో కానన్ సంస్థ కార్యాలయాలలో వాడే కొన్ని యంత్రాలకు చిప్పులు లేని టోనరు కార్ట్రిడ్జిలను పంపవలసి వచ్చింది. తన సొంత సరుకునే యంత్రాలు అనుమానించి హెచ్చరికలు చూపగా, వాటిని దాటి ముందుకు సాగే విధానాన్ని సంస్థే కొనుగోలుదారులకు బోధించింది. చిప్పు లేనందువల్ల ముద్రణ నాణ్యతకు భంగం కలుగదనీ, పొడి ఎంత మిగిలిందో చూపే లెక్క మాత్రం తప్పవచ్చుననీ తెలిపింది.