యాప్‌లో ఎండ, ఏట్లో వరద

దసరా సెలవులు దగ్గరపడితే హాస్టల్లో ట్రిప్ ప్లాన్లు మొదలవుతాయి. మాది పెద్దకడుబూరు అని తెలియగానే ఫ్రెండ్స్ అడిగేది ఒకటే: "మంత్రాలయం మీకు దగ్గరే కదా, తుంగభద్రలో ఈత కొట్టొచ్చా?" వెంటనే ఒకరు ఫోన్ తీసి వెదర్ చూస్తారు. సూర్యుడి బొమ్మ కనిపిస్తే ప్లాన్ ఓకే అయిపోయినట్టే. ఆ బొమ్మ అబద్ధం చెప్పదు. కానీ అది చెప్పేది ఆకాశం సంగతి, ఏటి సంగతి కాదు.

మా ఏటికి వచ్చే నీళ్లలో ఎక్కువ భాగం మా ఊరి మీద పడిన వాన కాదు. తుంగ, భద్ర రెండూ కర్ణాటకలో పశ్చిమ కనుమల్లోని గంగమూల దగ్గర పుట్టి, శివమొగ్గ దగ్గరి కూడలిలో కలుస్తాయి. ఆ కొండల్లోనే ఉన్న అగుంబెలో ఏడాదికి 7000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. ఉమ్మడి కర్నూలు జిల్లా సగటు 670 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. అంటే పదో వంతు కూడా లేదు. కనుమలు మబ్బుల్ని అక్కడే పిండేస్తే మాకు మిగిలేది గాలి. స్కూల్లో 'రెయిన్ షాడో' అని బట్టీ పట్టిన పాఠంలోనే మేం బతుకుతున్నాం. వాన అక్కడ, ఏరు ఇక్కడ.

ఆశ్వయుజం వచ్చేసరికి మా పక్క చేలల్లో పత్తి పగులుతుంటుంది. పొద్దున్నే చల్లగా ఉంటుంది, ఆకాశం కడిగినట్టు ఉంటుంది. బయట తిరగడానికి ఇంతకంటే మంచి రోజులు మాకు ఏడాది మొత్తంలో దొరకవు. చిక్కేమిటంటే, మంచి వానలు పడిన ఏడాది సరిగ్గా ఇదే టైముకి హోసపేట దగ్గరి తుంగభద్ర డ్యాం నిండి ఉంటుంది. నిండిన డ్యాంకి పైనుంచి కొత్త నీళ్లు వస్తే దాచుకునే చోటు ఉండదు, కిందికి వదలాల్సిందే. పైగా ఆ చోటు కూడా తగ్గిపోయింది. 1953లో సుమారు 133 టీఎంసీలు పట్టిన జలాశయంలో పూడిక చేరి ఇప్పుడు 105 టీఎంసీల చిల్లరే పడుతుంది.

"లక్ష క్యూసెక్కులు వదిలారు" అని పేపర్లో చదివి పేజీ తిప్పేస్తాం. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు దాదాపు 28 లీటర్లు. లక్ష క్యూసెక్కులంటే సెకనుకు 28 లక్షల లీటర్లు. ఊళ్లోకి వచ్చే ట్రాక్టర్ ట్యాంకర్ 5000 లీటర్లు అనుకుంటే, సెకనుకు 560 ట్యాంకర్లు. మోకాలి లోతులో నిలబడి సెల్ఫీ తీసుకునేవాళ్లకి ఈ లెక్క ఎవరూ చెప్పరు.

2009 సెప్టెంబరు చివర్లో, అక్టోబరు మొదట్లో మంత్రాలయం నీట మునిగింది. అక్టోబరు 2న కర్నూలు మునిగింది. అప్పుడు మా దగ్గర కూడా కుండపోత వానలు పడ్డాయి కాబట్టి జనానికి కొంతైనా అనుమానం వచ్చి ఉంటుంది. 2024 ఆగస్టు 10 రాత్రి అలా కాదు. డ్యాం 19వ నంబరు గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. కింద ఉన్న కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాల వాళ్లని అప్రమత్తం చేశారు. స్టాప్‌లాగ్‌లు దించి ఆ నీళ్లని ఆపడానికి దాదాపు వారం పట్టింది. ఒక గొలుసు తెగుతుందని ఏ వెదర్ యాప్ చెప్పగలదు?

"అయితే ఏట్లో దిగడమే బంద్ చేయండి" అంటారు కొందరు. నేను ఒప్పుకోను. కార్తీక స్నానానికి వచ్చే పెద్దవాళ్లని, సెలవులకి వచ్చే పిల్లల్ని ఏరు చూడొద్దని ఆపడం అయ్యే పని కాదు, న్యాయమూ కాదు. అలాగని 'ప్రమాదం, లోతుగా ఉంది' అని ఒక బోర్డు పాతి చేతులు దులుపుకుంటే సరిపోదు. ఏప్రిల్‌లో నీళ్లు చీలమండ దాకా ఉన్నప్పుడూ, అక్టోబరులో మెట్లు మునిగినప్పుడూ అదే బోర్డు అదే మాట చెప్తే, ఎవరు చదువుతారు? ఎప్పుడూ మారని హెచ్చరిక గోడ మీద సున్నంతో సమానం.

కావాల్సింది ఈరోజు సంగతి. అది లేక కాదు. డ్యాం నుంచి ఎంత వదులుతున్నారో రోజూ లెక్క ఉంటుంది. మంత్రాలయంలో నీటిమట్టం కొలిచే కేంద్ర జల సంఘం స్టేషన్ ఉంది. 2023లో ఆ సంస్థ 'ఫ్లడ్‌వాచ్' అనే యాప్ కూడా తెచ్చింది. కానీ ఘాట్ మెట్ల మీద టవల్ పట్టుకుని నిలబడిన మనిషికి ఇవేవీ చేరవు. క్యూసెక్కుల్లో చెప్పినా ఆయనకి ఉపయోగం లేదు. "దిగొచ్చా, వద్దా" అన్నదే కావాలి.

దీనికి పెద్ద ఖర్చేం లేదు. స్నానఘట్టం మెట్లకి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు వేసి, నీళ్లు ఏ రంగు దాకా వస్తే దిగకూడదో చెప్పొచ్చు. ఈరోజు ఎంత వదిలారు, ఆ నీళ్లు ఇక్కడికి ఎప్పటికి చేరతాయి అని తెలుగులో, కన్నడంలో రోజూ రాసే ఒక నల్లబోర్డు పెట్టొచ్చు. గేట్లు ఎత్తిన రోజు మైకులో చెప్పొచ్చు. ఇక మన వంతు. ప్రతి బ్యాచ్‌లోనూ మినీ ప్రాజెక్టంటే అటెండెన్స్ యాప్, లేకపోతే లైబ్రరీ మేనేజ్‌మెంట్. డ్యాం విడుదల లెక్క తీసుకుని నాలుగు తెలుగు మాటల్లో నదీతీర గ్రామాల ఫోన్లకి మెసేజ్ పంపే ప్రోగ్రాం మనకి ఒక సెమిస్టర్ పని కూడా కాదు.

అంతదాకా, ఈ దసరాకి మా వైపు వస్తే రండి. దిగే ముందు మూడు పనులు చేయండి. హోసపేటలో గేట్లు ఎత్తారేమో చూడండి. నీళ్లు ఎర్రగా మారి, నురగ, చెత్త కొట్టుకొస్తుంటే ఒడ్డునే కూర్చోండి. ఒడ్డున పూలో కొబ్బరికాయలో అమ్ముకునే ఒక అవ్వని "నిన్నటికీ ఇయ్యాల్టికీ నీళ్లు పెరిగినాయా అవ్వా?" అని అడగండి. ఆమె రోజూ ఆ మెట్లని చూస్తుంటుంది.