వానకి సరిపోతుందట!

ముందే చెప్పేస్తున్నా, ఈ టపాలో జావా లేదు, డేటాబేసు లేదు. నీళ్ళున్నాయి. చిన్న తెరచాప పడవల్లో కాక్‌పిట్‌లో పడ్డ నీళ్ళు బయటికి పోవడానికి పెట్టే ఏర్పాటు మీద నాకున్న కోపం ఉంది. కాసిని లెక్కలు కూడా ఉన్నాయి, ఓపిక చేసుకోండి.

కాక్‌పిట్ అంటే విమానంలోది కాదండోయ్. పడవ వెనక భాగంలో చుక్కాని పట్టేవాడూ, తాళ్ళు లాగేవాళ్ళూ కూర్చునే తొట్టి. పైన మూత ఉండదు. అడుగున రెండు బెజ్జాలు, వాటి కింద గొట్టాలు, ఆ గొట్టాలు పడవ అడుగు నుంచి బయటి నీళ్ళలోకి. తొట్టి అడుగు బయటి నీటిమట్టం కన్నా కొంచెం ఎత్తులో ఉంటుంది కాబట్టి లోపల పడ్డ నీళ్ళు వాటంతటవే దిగిపోవాలి. హుస్సేన్ సాగర్‌లో మీరు చూసే లేజర్ లాంటి పడవల సంగతి వేరు. వాటికి క్యాబిన్ ఉండదు, ఉన్న చిన్న బెయిలరు పడవ పరిగెడుతున్నప్పుడు నీళ్ళని బయటికి లాగేస్తుంది. నేను మాట్లాడేది క్యాబిన్ ఉన్న 22 నుంచి 28 అడుగుల పడవల గురించి.

నేనూ, ఇద్దరు కొలీగ్సూ కలిసి శాన్ ఫ్రాన్సిస్కో బేలో ఓ పాత 25 అడుగుల పడవ కొన్నాం. బెజ్జాలు రెండు, ఒక్కొక్కటి అంగుళం. ఇంత చిన్నవేంటని అడిగితే బ్రోకరుగారు సెలవిచ్చిందేంటంటే, "ఇన్నేళ్ళుగా వానకి సరిపోతూనే ఉంది" అని.

వానకి! బాబూ, గోల్డెన్ గేట్ వంతెన దాటితే పొటాటో ప్యాచ్ అని లోతు తక్కువ మేట ఉంది, అలలు అక్కడికొచ్చి విరుగుతాయి. తొట్టిని నింపేది వాన కాదు, అల. ఒక్క అల.

లెక్క చూద్దాం. తొట్టి 2 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల లోతు అనుకోండి. నిండితే 960 లీటర్లు, అంటే దాదాపు టన్ను. మా పడవ మొత్తం బరువే సుమారు 2 టన్నులు. ఒక్కసారిగా పదముగ్గురు మనుషులు ఎక్కి వెనకాలే కూర్చున్నట్టు. ఇంటర్మీడియట్‌లో చదివిన టారిచెల్లి సూత్రమే వేసి, గొట్టాల రాపిడికి సగం తీసేసి, తొట్టి అడుగు బయటి నీటికి 15 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, ఖాళీ అవడానికి పట్టే టైము:

25 మి.మీ. బెజ్జాలు రెండు: 13 నిమిషాలు.
38 మి.మీ. రెండు: 6 నిమిషాల లోపు.
50 మి.మీ. రెండు: 3 నిమిషాల పైచిలుకు.
75 మి.మీ. రెండు: నిమిషంన్నర.

వ్యాసం రెట్టింపైతే దారి నాలుగు రెట్లు. ఇంతకన్నా చవకైన ఆప్టిమైజేషన్ ఎక్కడైనా చూశారా? పైగా ఆ 13 నిమిషాలు కూడా ఆశావాదుల లెక్కే. బెజ్జం మీద సగం దారి మూసేసే జల్లెడ ఉంటే అది 26. టన్ను బరువు వెనకే ఉంది కాబట్టి పడవ వెనక భాగం కుంగుతుంది, కుంగితే లోపలికీ బయటికీ ఎత్తు తేడా తగ్గుతుంది, ప్రవాహం ఇంకా నెమ్మదిస్తుంది. లోడ్ పెరిగినప్పుడే కెపాసిటీ తగ్గే సిస్టమ్! మన ఆఫీసులో ఎవడైనా ఇలాంటి డిజైన్ పట్టుకొస్తే రివ్యూలో ఊరుకుంటామా? తర్వాతి అల 13 నిమిషాలాగి రాదు, సెకన్లలో వస్తుంది.

చెరువులు కట్టించిన మనవాళ్ళకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. తూము వేరు, అలుగు వేరు. తూము రోజువారీ పనికి, అలుగు వరదకి. తెలంగాణలో మత్తడి అంటారు. తూము ఉంది కదా అని అలుగు పెట్టకపోతే కట్టకి గండి పడుతుంది. ఈ పడవలు చేసినవాళ్ళు తూము పెట్టి అలుగు మర్చిపోయారు. ఇక్కడ గండి పడే చోటు క్యాబిన్ తలుపు.

1979 ఆగస్టులో ఫాస్ట్‌నెట్ రేసులో ఇదే కనబడింది. 303 పడవలు బయల్దేరాయి, తుఫానులో 15 మంది పోటీదారులు చనిపోయారు. సిబ్బంది వదిలేసిన 24 పడవల్లో మునిగినవి 5 మాత్రమే. క్యాబిన్ ద్వారానికి అడ్డంగా పెట్టే పలకలు జారిపోయి నీళ్ళు లోపలికి పోయాయని తర్వాత విచారణలో తేలింది. నీళ్ళని లోపలికి రానివ్వకుండా, తొట్టిలో నిలవనివ్వకుండా చూసుకుంటే పడవ అంత తేలిగ్గా మునగదు.

ఇక వాదించేవాళ్ళు చెప్పేవి మూడు.

"రూల్ ప్రకారమే ఉంది." నిజమే. ఆఫ్‌షోర్ రేసుల నిబంధనల్లో 8.5 మీటర్ల లోపు పడవలకి 25 మి.మీ. బెజ్జాలు రెండు అన్న కొలత ఎప్పట్నుంచో ఉంది. కానీ అది కనీసం. పాస్ మార్కులు 35 అని 35కే చదివేవాణ్ణి ఏమంటాం?

"పంపు ఉంది కదా." గంటకి 500 గ్యాలన్లు అని డబ్బా మీద రాసిన పంపు, అంతా సవ్యంగా ఉంటేనే 960 లీటర్లకి అరగంట తీసుకుంటుంది. అదీ బ్యాటరీ తడవకపోతే. గురుత్వాకర్షణకి బ్యాటరీ అక్కర్లేదు, ఫ్యూజు పోదు. ఆ నిబంధనలే కాక్‌పిట్ గురుత్వాకర్షణతోనే త్వరగా ఖాళీ అవాలంటాయి. ఆ మాట మాత్రం ఎవరూ ఎత్తరు.

"పదేళ్ళుగా ఏమీ కాలేదు." ఎర్రర్ లాగ్ ఖాళీగా ఉందంటే కోడ్ మంచిదని కాదు, ఆ దారిలో ఇంకా ఎవరూ నడవలేదని. మనకి తెలీనిదా?

మరి ఏం చెయ్యాలి? నా మటుకు నాకు వరస ఇదీ.

మొదట కొలవండి. రేవులో కట్టేసి, క్యాబిన్ పలకలు పెట్టి, మామూలుగా ఎక్కేంతమందీ ఎక్కి, బెజ్జాలు మూసి, 10 సెంటీమీటర్ల నీళ్ళు పోసి, తెరిచి వాచీ చూడండి.

రెండు, ఇరుకైన చోటు వెతకండి. బెజ్జం పెద్దది చేసి కింద వాల్వు అంగుళందే ఉంచితే లాభం సున్నా. ముడతల గొట్టం తీసి లోపల నున్నగా ఉండేది వెయ్యండి, రెండేసి క్లాంపులు బిగించండి. జల్లెడ పీకెయ్యండి, లేదా పెద్ద కన్నాలది పెట్టండి.

మూడు, అలుగు పెట్టండి. తొట్టి వెనక గోడ నుంచి పడవ వెనక పలకలోకి, నీటిమట్టానికి పైన, 75 మి.మీ. పొట్టి గొట్టాలు రెండు. బయట రబ్బరు రెక్క, వెనక అల లోపలికి రాకుండా. కోసిన చోట చెక్క కనబడితే ఎపాక్సీతో మూసెయ్యాలి, లేకపోతే అది కుళ్ళుతుంది. నీటి కింద వాల్వు లేదు, పొడవాటి గొట్టం లేదు, పాడయ్యేదే తక్కువ.

నాలుగు, తొట్టినే చిన్నది చెయ్యండి. సీట్ల కింద డబ్బాలకి రబ్బరు అంచులేసి నీళ్ళు దూరకుండా మూస్తే, చేరని నీటిని తోడాల్సిన పని లేదు.

ఇవేవీ చెయ్యకుండా తెరచాప పడవకి పెద్ద స్క్రీను, స్పీకర్లు, ఎల్‌ఈడీ లైట్లు కొనేవాళ్ళని ప్రతి వారం చూస్తున్నా. వీకెండ్‌కి క్లబ్బు పడవ తీసుకుని ఇంటిల్లిపాదినీ ఎక్కించే మనవాళ్ళకి కూడా నేను చెప్పేదొకటే. ఎక్కేముందు అడగండి: "ఈ తొట్టి నిండితే ఎన్ని నిమిషాల్లో ఖాళీ అవుతుందండీ?" జవాబు నిమిషాల్లో రావాలి. "వానకి సరిపోతుంది" అంటే, ఆ రోజుకి ఒడ్డునే కూర్చుని మిరపకాయ బజ్జీలు తినండి.